పొలానికైతే భేష్, ఐసీయూకి మాత్రం చాలదు

ఆస్తి కాగితాలకు ఐదుకు నాలుగున్నర మార్కులు, మంచాన పడ్డాక పనికొచ్చే కాగితాలకు రెండు. నెల్లూరు రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గరి ఈ డాక్యుమెంట్ రైటర్ సర్వే నంబర్లు, హద్దుల్లో తప్పు పోడు. అడంగల్, 1బి (పొలం సాగు, హక్కుల రికార్డులు) చూడందే టైపు మొదలుపెట్టడు. కోవూరు మాగాణైనా, ముత్తుకూరు రొయ్యల గుంటలైనా, బెంగళూరులో ఉన్న కొడుకు పేర జీపీఏ (తన బదులు వ్యవహారాలు చూసే అధికారమిచ్చే కాగితం) ఒక్క పూటలో రాసిస్తాడు.

చిక్కల్లా చివరి పేరాతోనే. 'నాకు తెలివి తప్పినను ఈ జీపీఏ చెల్లును' అని అందరికీ ఒకే అచ్చు వాక్యం. చెల్లదు. 1872 కాంట్రాక్టు చట్టం 201 సెక్షను ప్రకారం, ఇచ్చిన మనిషి చనిపోయినా, మతిస్థిమితం కోల్పోయినా ఆ అధికారం అక్కడితో సరి. పైన 'రద్దు చేయరానిది' అని రాసినా అంతే, పుచ్చుకున్నవాడికి ఆ ఆస్తిలో సొంత హక్కు ఉంటే తప్ప. నాయన కోమాలో ఉంటే ఈ కాగితంతో బ్యాంకులో పని జరగదు. గార్డియన్‌గా నియమించమని హైకోర్టులో రిట్ వేసుకోవాలి. ముందే ఖాతాను 'ఐదర్ ఆర్ సర్వైవర్' (ఇద్దరిలో ఎవరైనా నడపగల పద్ధతి) కింద జాయింటు చేసుకుంటే రోజువారీ ఖర్చులకైనా తిప్పలుండవు. ఆ ముక్క ఇక్కడెవరూ చెప్పరు.

లివింగ్ విల్ (కోలుకోలేని స్థితిలో ఏ వైద్యం వద్దో ముందే రాసిపెట్టే కాగితం) అడిగితేనే రాస్తారు, అదీ 2018 నాటి నమూనాలో. మేజిస్ట్రేటు సంతకం కావాలంటూ కోర్టుకు తిప్పుతారు. ఎందుకబ్బా? 2023 జనవరిలోనే సుప్రీంకోర్టు ఆ నిబంధన తీసేసింది. ఇద్దరు సాక్షుల ముందు సంతకం, దానిపైన నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలు. సాక్షులు బయటివాళ్లయితే మేలు. మీ తరఫున మాట చెప్పేవాళ్లు ఒక్కరే ఉండాలనీ లేదు. నమూనాలో ఒక్క పేరుకే జాగా ఉంది కాబట్టి 'పెద్దబ్బాయి అందుబాటులో లేకుంటే అమ్మాయి' అని వరస చేర్పించండి. 'మిషన్లు పెట్టరాదు' అనే మాట కూడా కొట్టేయించండి. వెంటిలేటరా, డయాలసిసా, ముక్కుగొట్టమా, ఏ పరిస్థితిలో వద్దో విడివిడిగా ఉండాలి. అస్పష్టంగా ఉంటే మెడికల్ బోర్డు దాన్ని అమలు చేయదు. కాపీలు ఇంటి డాక్టరుకూ, కార్పొరేషన్ లేదా పంచాయతీలో వీటిని భద్రపరిచే అధికారికీ ఇవ్వాలి. బీరువాలో దాస్తే ఐసీయూ వాళ్లకెలా తెలుస్తుంది?

మానసిక వైద్యం కోసం ప్రతినిధిని పెట్టుకోవడానికి 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద తెల్లకాగితం మీద పేరు రాసి సంతకమో వేలిముద్రో వేస్తే సరిపోతుంది. ఫీజు చీటీలో దానికీ ఒక పద్దు కనిపిస్తే కొట్టేయమనండి.