ఒక ఊరికి వరద, ఇంకో ఊరికి కరువు: లోథల్, ధోలావీర చూసొచ్చాం

సింధు నాగరికత ఎలా చెదిరిపోయిందో ఆ నేల మీదే నిలబడి తెలుసుకోవాలంటే గుజరాత్‌లో ఆ నాటి ఊళ్లు లోథల్, ధోలావీర రెండూ చూడాలి. ఒక్కటే చూసొస్తే సగం కథే తెలుస్తుంది.

లోథల్ అహ్మదాబాద్‌కి సుమారు 80 కిలోమీటర్లు. పొద్దున్నే బయల్దేరితే సాయంత్రానికి తిరిగి వచ్చేయొచ్చు, అక్కడ బస అక్కర్లేదు. బస్సులు మారే బదులు నలుగురు కలిసి కారు మాట్లాడుకోవడం నయం. శుక్రవారం మ్యూజియం ఉండదు. తాగే నీళ్లు, తినడానికి ఏదో ఒకటి వెంట ఉంచుకోండి.

వచ్చినవాళ్లలో చాలామంది డాక్‌యార్డు దగ్గర ఫోటో దిగి వెళ్లిపోతున్నారు. సుమారు 215 మీటర్ల పొడవున, కాల్చిన ఇటుకతో కట్టిన తొట్టి అది. ఓడలు ఆగిన రేవని కొందరు, మంచినీళ్ల చెరువని కొందరు ఇప్పటికీ వాదిస్తూనే ఉన్నారు. నన్ను మాత్రం పక్కనున్న గిడ్డంగి అరుగు కదలనివ్వలేదు. దాదాపు మూడున్నర మీటర్ల ఎత్తు, అంతా పచ్చి ఇటుక. దాని మీద సరుకు పెట్టుకునే దిమ్మెలు ఒకప్పుడు 64 ఉండేవి, ఇప్పుడు 12 మిగిలాయి. ఇంత ఎత్తు ఎందుకంటే, వరద భయం. 1955 నుంచి ఇక్కడ తవ్వకాలు జరిపిన ఎస్.ఆర్. రావు ఒకటికి మించి వరదల ఆనవాళ్లు గుర్తించారు. ఊరు దెబ్బతిన్నప్పుడల్లా అరుగులు పెంచి మళ్లీ కట్టుకున్నారు. ఆయన లెక్క ప్రకారం క్రీ.పూ. 1900 ప్రాంతంలో వచ్చిన పెద్ద వరదతో ఆ ఓపిక తీరిపోయింది. ఆ తర్వాత కూడా జనం ఉన్నారు కానీ పాత వీధుల క్రమం పోయింది, ఇళ్లు గుడిసెలయ్యాయి.

వానలు తగ్గిన కాలంలో వరదలేమిటని అనిపిస్తుంది. సుమారు 4,200 ఏళ్ల కిందట రుతుపవనాలు బలహీనపడ్డాయనడానికి మేఘాలయలోని మామ్లూ గుహ రాళ్లలో ఆధారాలు దొరికాయి. అప్పటి నుంచి నేటి వరకూ ఉన్న కాలానికి 2018లో మేఘాలయన్ యుగమని పేరు కూడా పెట్టారు. కానీ వానలు గతి తప్పితే కరువూ వరదా రెండూ వస్తాయి. 2009లో దేశమంతా వర్షాభావం, అదే ఏడు అక్టోబరులో కర్నూలు మునిగింది. లోథల్ వరదలన్నిటికీ వాతావరణమే కారణమని తేల్చేయలేం. నది దారి మార్చుకోవడం కూడా అందులో ఒక కారణం.

మ్యూజియం చిన్నదే అయినా వదలొద్దు. ఆవగింజకన్నా చిన్న బంగారు పూసలు, పర్షియన్ గల్ఫ్ తరహా గుండ్రటి ముద్ర ఉన్నాయి. బయట బోర్డుల్లో వివరం చాలదు. అందుకే ముందు మ్యూజియం చూసి, తర్వాత శిథిలాల్లోకి వెళ్లండి.

కచ్‌లో ఉన్న ధోలావీర ప్రయాణం పెద్దది, అహ్మదాబాద్ నుంచి కారులో ఒక పగలు పోతుంది. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక రోడ్లు బాగుపడ్డాయి కానీ పెట్రోలు, నగదు దారిలో వచ్చే రాపర్ పట్టణంలోనే చూసుకోవాలి. ఇక్కడి కథ పూర్తిగా తిరగబడుతుంది: అక్కడ వరద భయం, ఇక్కడ నీళ్ల కరువు. మన్సర్, మన్హర్ అనే రెండు వానాకాలపు వాగులకు అడ్డుకట్టలు వేసి, ప్రతి చుక్కా జలాశయాల్లోకి మళ్లించుకున్నారు. తూర్పు జలాశయం 70 మీటర్లకు పైగా పొడవుంటుంది. లోపలికి దిగే మెట్లు చూస్తే నీటి మట్టం తగ్గేకొద్దీ జనం ఒక్కో మెట్టూ దిగుతూ వెళ్లి ఉంటారని తెలిసిపోతుంది. చివరి దశలో వచ్చి ఉన్నవాళ్లు ఆ మహానగరం మీద గుండ్రటి ఇళ్లు కట్టుకున్నారు. ఇక్కడ గైడ్ తప్పనిసరి. మాకు దొరికిన స్థానికుడు హిందీలో ఎంతో ఓపికగా చెప్పాడు, అడిగినదానికన్నా కొంచెం ఎక్కువే ఇచ్చాం.

బస కోసం భుంగాలు, అంటే కచ్ పద్ధతి గుండ్రటి ఇళ్లు ఉన్నాయి. మేం దిగినచోట బుకింగ్‌లో ఏసీ అన్నారు, రాత్రి కరెంటు పోతే జనరేటర్ వేయలేదు. వేడినీళ్లు కూడా అడిగి అడిగి తెప్పించుకోవాల్సి వచ్చింది. ఆ రేటుకి అది తగదు. భోజనం మాత్రం భేష్. వేడివేడి సజ్జ రొట్టె, వెల్లుల్లి కారం, మజ్జిగ కొసరి కొసరి పెట్టారు.

నవంబరు నుంచి ఫిబ్రవరి లోపే పెట్టుకోండి, రెండుచోట్లా నీడ తక్కువ. కచ్‌లో చలికాలంలో జరిగే రణ్ ఉత్సవ్ రోజుల్లో గదుల రేట్లు పెరుగుతాయి. పెద్దవాళ్లు ఉంటే లోథల్ సులువు, ధోలావీరలో ఎక్కి దిగడాలు ఎక్కువ. లోథల్ ముందు చూసి ధోలావీర వెళ్లడమే సరైన వరస.