ఏడు చేపల కథ: స్క్రాచ్‌లోనా, మైన్‌క్రాఫ్ట్‌లోనా, ట్వైన్‌లోనా?

ఈ వేసవిలో నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఒకటే. "మేడమ్, మావాడు స్క్రీన్ వదలట్లేదు. ఆ చూసేదేదో కాస్త పనికొచ్చేది చూస్తే బాగుండు. స్క్రాచ్ నేర్పించమంటారా, మైన్‌క్రాఫ్ట్ కొనమంటారా? వీఆర్ అంటున్నారు, అది మేలా?" ఒక్కొక్కరికీ వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు పెట్టీ పెట్టీ గొంతు పోయింది. ఇక అడిగినవాళ్లకి ఇదే పంపిస్తా.

నేను కంప్యూటర్ టీచర్‌ని కాను. మా కాలనీ లైబ్రరీలో ఆదివారం పూట పిల్లల చేత కథలు చెప్పిస్తుంటాను. పద్నాలుగు మంది పిల్లలు, ఆరు పాత ల్యాప్‌టాప్‌లు, ఒక్క ఫ్యాను. కాబట్టి నా కొలత కథే. కోడింగ్ కోసం అడిగేవాళ్లకి నా జవాబు వేరుగా ఉంటుంది, అదీ చెప్తా.

పోల్చాలంటే అన్నిటికీ ఒకే కథ ఇవ్వాలి కదా. ఏడు చేపల కథ ఇచ్చాను. చేప ఎందుకు ఎండలేదంటే గడ్డిమేటు అడ్డమొచ్చింది, గడ్డిమేటు ఎందుకు అడ్డమొచ్చిందంటే ఆవు మేయలేదు, పాలేరు మేపలేదు, అవ్వ బువ్వ పెట్టలేదు, పిల్లాడు ఏడ్చాడు, చీమ కుట్టింది, నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా. ఇది అందరికీ నోటికొచ్చిన కథ. పైగా దీన్ని ఎక్కడ పడితే అక్కడ విరవొచ్చు. అవ్వ బువ్వ పెట్టి ఉంటే? పిల్లాడు చెప్పులేసుకుని ఉంటే? "ఈ కథలో మీరు ఏదో ఒకటి మార్చండి, మారిస్తే ఏమవుతుందో చూపించండి" అన్నాను. అంతే హోంవర్క్.

ముందు స్క్రాచ్. పిల్లలు తెర మీద బొమ్మల్ని కదిలిస్తూ, మాట్లాడిస్తూ కోడింగ్ నేర్చుకునే పనిముట్టు. అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ మీడియా ల్యాబ్ వాళ్లు 2007లో తెచ్చింది, ఎనిమిది నుంచి పదహారేళ్ల వాళ్ల కోసం. ఐదు నుంచి ఏడేళ్ల పిల్లలకి స్క్రాచ్ జూనియర్ అని వేరే ఉంది. రెండూ ఉచితమే. కోడ్ టైపు చేయక్కర్లేదు, రంగురంగుల బ్లాకులు ఒకదానికొకటి తగిలించడమే.

ఏడో తరగతి అమ్మాయి ఒకతి దీన్ని తీసుకుంది. స్క్రాచ్‌లో ఒక బొమ్మ ఇంకో బొమ్మకి మెసేజ్ పంపే బ్లాకు ఉంటుంది. ఈ కథకి అది కొలిచి కుట్టినట్టు సరిపోయింది. చేప మెసేజ్ పంపితే గడ్డిమేటు పలుకుతుంది, గడ్డిమేటు పంపితే ఆవు పలుకుతుంది. ఆవుకి వాళ్ల తాతయ్య గొంతు రికార్డు చేసి పెట్టింది. "పాలేరు మేపలేదే తల్లీ" అని ఆవు ఎంత నీరసంగా అంటుందో వింటే నవ్వాగదు. ఇక చీమ. ఆరు కాళ్లూ కదిలేలా గీయడానికి ఆ పిల్లకి మూడు ఆదివారాలు పట్టింది. మూడో ఆదివారం సాయంత్రానికి చీమ అద్భుతంగా నడిచింది. కథ మాత్రం ఎక్కడ మొదలైందో అక్కడే ఉంది, ఏదీ మారలేదు.

తప్పు పిల్లది కాదు. స్క్రాచ్‌లో కథంతా ఒకచోట కనిపించదు. చేప మాట చేప దగ్గర, ఆవు మాట ఆవు దగ్గర విడివిడిగా ఉంటాయి. "అవ్వ బువ్వ పెట్టింది" అని మార్చాలంటే అవ్వ దగ్గరికీ, పాలేరు దగ్గరికీ, ఆవు దగ్గరికీ, గడ్డిమేటు దగ్గరికీ వెళ్లి నాలుగు చోట్లా సవరించాలి. రెండో దారి పెట్టేసరికి ఏ మెసేజ్ ఎవరికి పోతోందో నాకే అర్థం కాలేదు. కోడింగ్ నేర్పించాలన్నవాళ్లకి ఈ తలనొప్పే పాఠం. వాళ్లు ఇంకేం ఆలోచించకుండా స్క్రాచ్ పెట్టించెయ్యండి.

మైన్‌క్రాఫ్ట్ సంగతి వేరు. అది బ్లాకులు పేర్చి సొంత లోకం కట్టుకునే ఆట, దాని బడి రూపం మైన్‌క్రాఫ్ట్ ఎడ్యుకేషన్. మా లైబ్రరీలో లేదు. బడి నుంచి లైసెన్సు ఉన్న ఇద్దరు అన్నదమ్ములు వాళ్ల ల్యాప్‌టాప్ తెచ్చుకుని చేశారు. రెండు గంటలు ఆ మూల నుంచి ఒకటే అరుపులు. అవ్వ ఇల్లు కట్టారు, చెరువు తవ్వారు, ఎండుగడ్డి బ్లాకులు పేర్చి గడ్డిమేటు లేపారు. ఆవు ఆటలో ఎలాగూ ఉంది. చీమ దొరకలేదు, సాలీడుతో సరిపెట్టారు. ("ఇది కుడితే పిల్లాడు ఏడవడు ఆంటీ, పోతాడు" అన్నాడు చిన్నవాడు.) మనుషుల బొమ్మలు నిలబెట్టి, దగ్గరికెళ్లి నొక్కితే మాట్లాడేలా పెట్టొచ్చు, పెట్టారు. కానీ ఒక్కొక్కరికీ ఒక్కో ముక్కే, అదీ ఇంగ్లిష్‌లో. కథ చెప్పుకున్నది కడుతున్నప్పుడు వాళ్ల నోళ్లతోనే. కట్టడం అయ్యాక ఆ లోకంలో మిగిలింది ఇల్లు, చెరువు, గడ్డి.

అయినా ఒక్క విషయం ఒప్పుకోవాలి. పెద్దవాడు నన్ను ఆ లోకంలోకి వదిలినప్పుడు నేను దారి తప్పి ముందు పుట్ట దగ్గరికే పోయాను. అక్కణ్నుంచి పిల్లాడు, అవ్వ, పాలేరు, ఆవు, చివరికి చేప. కథ తిరగబడింది! "ఎందుకు" అనే ప్రశ్నలన్నీ "అందుకని" అయిపోయాయి. అరవై ఏళ్లుగా ఈ కథ వింటున్నా, చెబుతున్నా, వెనక నుంచి నడవడం అదే మొదటిసారి. చదివే కథకి ఒక వరస ఉంటుంది, నడిచే కథకి ఆ వరస నడిచేవాడి కాళ్లలో ఉంటుంది. ఇది మిగతా ఏ పనిముట్టులోనూ ఇంత తేలిగ్గా జరగలేదు. బడిలో లైసెన్సు ఉండి, ఓపికున్న టీచర్ ఉంటే మైన్‌క్రాఫ్ట్‌ని నేను వద్దనను. కథ కోసం ఇంట్లో సొంతంగా కొనాలా అంటే, వద్దు.

వీఆర్ హెడ్‌సెట్, అంటే కళ్లకి తగిలించుకుంటే చుట్టూ వేరే లోకం కనిపించేది, దాని గురించి పెద్దగా చెప్పేదేం లేదు. గుండె లోపల ఎలా ఉంటుందో చూడ్డానికి బాగుంటుంది. మెటా కంపెనీ తన హెడ్‌సెట్ వాడే పిల్లల కనీస వయసుని 2023లో పదమూడు నుంచి పదేళ్లకి దించింది, అదీ అమ్మానాన్నల ఖాతా కింద. మా దగ్గర ఒకరోజు ఒకాయన తెచ్చి చూపించాడు. పెట్టుకున్నవాడు ఒక్కడు, క్యూలో పదమూడు మంది. ఇంకో సంగతి: ఫోన్ లోపల పెట్టి చూసే గూగుల్ అట్టపెట్టె కళ్లద్దాలు గుర్తున్నాయా, 2014లో వచ్చినవి? వాటి మీద నడిచిన ఎక్స్‌పెడిషన్స్ పాఠాలు 2021 జూన్ 30తో ఆగిపోయాయి. బ్రౌజర్‌లోనే వర్చువల్ గదులు కట్టుకునే మోజిల్లా హబ్స్‌ని 2024 మే 31న మూసేశారు. పిల్లలు కట్టుకున్న గది ఎవరిదో కంపెనీ సర్వర్‌లో ఉంటే ఇంతే.

పిల్లాడి స్థాయిని బట్టి పాఠం మారే యాప్‌ల గురించి కూడా అడుగుతున్నారు. లెక్కలకీ, భాషకీ అవి పనిచేస్తాయి. దిల్లీలో మైండ్‌స్పార్క్ అనే అలాంటి సాఫ్ట్‌వేర్‌తో నడిచిన కేంద్రాల మీద ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్ బృందం చేసిన అధ్యయనం 2019లో అచ్చయింది. నాలుగున్నర నెలల్లోనే ఆ పిల్లలు గణితంలోనూ హిందీలోనూ మిగతావాళ్లని బాగా దాటేశారు. చదవడం తడబడే పిల్లలకి గూగుల్ రీడ్ అలాంగ్ ఉంది. 2019లో బోలో పేరుతో వచ్చింది, తర్వాత తెలుగు కూడా చేరింది. పిల్లాడు చదువుతుంటే విని తప్పు చెబుతుంది. చదవడానికి మంచిదే. కథ కట్టడానికి కాదు. ఏఐతో కథలు చెప్పించుకోవడం మా క్లబ్బులో ఒకసారి చూశాం. "ఇంకోటి" అనగానే ఇంకోటి వచ్చేస్తుంటే పిల్లలు దేన్నీ తేల్చుకోవట్లేదు. పక్కన పెట్టాను.

ఇక ట్వైన్. నా ఓటు దీనికే. ఇంతవరకు చదివినవాళ్లకి ఆ సంగతి అర్థమయ్యే ఉంటుంది.

క్రిస్ క్లైమస్ అనే ఆయన 2009లో చేసిన ఉచిత పనిముట్టు ఇది. తెర మీద ఖాళీ గడి ఒకటి వస్తుంది, అందులో కథ రాయాలి. ఏదైనా మాటకి అటూ ఇటూ రెండేసి చదరపు బ్రాకెట్లు పెడితే ఆ మాట పేరుతో కొత్త గడి దానంతటదే పుడుతుంది, రెండిటి మధ్య గీత పడుతుంది. నాలుగు గడులు రాసేసరికి తెర మీద ముగ్గు వేసినట్టుంటుంది. స్క్రాచ్‌లో దొరకనిది ఇదే: కథంతా ఒక్కచోట కనిపిస్తుంది. ఏ దారి ఎక్కడ ఆగిపోయిందో, ఏది చుట్టు తిరిగి చేప దగ్గరికే వచ్చిందో పిల్లాడు వేలు పెట్టి చూపిస్తాడు. నెట్‌ఫ్లిక్స్‌లో 2018లో వచ్చిన, మనమే దారి ఎంచుకునే ఒక సినిమాకి దాని రచయిత కూడా మొదట ట్వైన్‌లోనే రాసుకున్నాడు.

తెలుగుతో ఒక చిన్న చిక్కుంది. ఆరో తరగతి కుర్రాడు ఒకచోట [[అవ్వ]] అని, ఇంకోచోట [[అవ్వా]] అని కొట్టాడు. ట్వైన్‌కి వాళ్లిద్దరూ వేరు మనుషులు. రెండు గడులు పుట్టాయి, ఒకదాంట్లో బువ్వ ఉంది, ఒకటి ఖాళీ. అరగంట వెతికాక దొరికింది. ఇప్పుడు అందరం ఇలా రాస్తున్నాం: [[అవ్వా అవ్వా, బువ్వ ఎందుకు పెట్టలేదు?->అవ్వ]]. బాణానికి ఇటు పైకి కనిపించే మాట, అటు గడి పేరు. మనం మనిషిని పిలిచినప్పుడు పేరు సాగుతుంది కదా, ఈ భాషలో పనిచేయాలంటే ఈ బాణం మొదటి రోజే నేర్పాలి. ఆ తర్వాత ఒక వేరియబుల్ (జరిగింది గుర్తుంచుకునే చిన్న డబ్బా అనుకోండి) పెట్టడం నేర్పితే, పుట్టలో వేలు పెట్టావా లేదా అన్నది కథ గుర్తుపెట్టుకుని చివర్లో చేప చేత వేరే మాట అనిపిస్తుంది. చదివేవాళ్లని బట్టి మారే కథ అని పెద్ద పేర్లతో అమ్ముతున్నది ఇదే. ఇక్కడ ఆ మార్పు ఏమిటో తేల్చేది పదకొండేళ్ల పిల్లాడు.

కానీ నేను ట్వైన్ అనడానికి అసలు కారణం ఇది కూడా కాదు. కథ పూర్తయ్యాక ఒక్క హెచ్‌టీఎంఎల్ ఫైలు, అంటే బ్రౌజర్‌లో తెరుచుకునే పేజీ, చేతికొస్తుంది. దాన్ని వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపొచ్చు. అవతలివాళ్లకి ఖాతా అక్కర్లేదు, యాప్ అక్కర్లేదు. ఫైలు డౌన్‌లోడ్ అయ్యాక నెట్ కూడా అక్కర్లేదు. దేనితో తెరవాలని ఫోన్ అడిగితే క్రోమ్ నొక్కితే చాలు. స్క్రాచ్ ఫైలు అలా పంపితే ఫోన్‌లో తెరుచుకోదు. సైట్‌లో ఖాతా తెరిచి, అక్కడ పెట్టి, లింకు పంపాలి. మైన్‌క్రాఫ్ట్ లోకం సరేసరి.

ఆ ఆరో తరగతి కుర్రాడు తన కథని నరసరావుపేట దగ్గర పల్లెలో ఉన్న అమ్మమ్మకి పంపాడు. ఆవిడ రాత్రికి ఫోన్ చేసింది. "ఒరేయ్ నాన్నా, అవ్వ బువ్వ పెట్టిందని నొక్కితే కథ అక్కడే అయిపోయిందేంట్రా? పాలేరు తిన్నాక మేపకుండా పడుకున్నాడనుకో, అప్పుడో?" వాడి దగ్గర జవాబు లేదు. మర్నాడు బడికెళ్లే ముందు వాళ్ల నాన్న ల్యాప్‌టాప్‌లో ఇంకో గడి చేర్చి మళ్లీ పంపాడు. ఆవిడ మళ్లీ ఎవరూ నొక్కని చోటే నొక్కింది. ఇలా పన్నెండు రోజుల్లో తొమ్మిది గడుల కథ ముప్పై ఒకటి అయింది. నేను వాడికి చెప్పింది మొదటి రోజు బ్రాకెట్లు, రెండో వారం బాణం, అంతే. మిగతాదంతా అమ్మమ్మే నేర్పింది.

ట్వైన్ లోపాలూ వినండి. బొమ్మలు, శబ్దాలు పెట్టడం కష్టం. టైపింగ్ రాని చిన్నపిల్లలకి పనికిరాదు, పదేళ్ల లోపు వాళ్లకి నేను ఇవ్వను. అన్నిటికంటే పెద్దది: బ్రౌజర్‌లో రాస్తే కథ ఆ బ్రౌజర్‌లోనే దాచుకుంటుంది. జూన్‌లో ల్యాప్‌టాప్ నెమ్మదించిందని నేనే హిస్టరీ, సైట్ డేటా అంతా తుడిచేశాను. ఐదు కథలు పోయాయి. ఐదుగురు పిల్లల మొహాలు చూడలేక ఆ ఆదివారం బజ్జీలు తెప్పించాను. కాబట్టి కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసే ట్వైన్ వాడండి, అది కథల్ని మామూలు ఫైళ్లుగా డాక్యుమెంట్స్‌లో పెడుతుంది. బ్రౌజర్‌లోనే అయితే లేచే ముందు ఆర్కైవ్ నొక్కి పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి.

ఒక్కచోట మాత్రం నా ఓటు మారుతుంది. మా అక్క మనవరాలు న్యూజెర్సీలో ఉంటుంది. తెలుగు గలగలా మాట్లాడుతుంది, ఒక్క అక్షరం రాయలేదు. దానికి ట్వైన్ ఇస్తే కథ ఇంగ్లిష్‌లోకి జారిపోతుంది. స్క్రాచ్ ఇచ్చి మైకు ఆన్ చేయమన్నాం. "చీమా చీమా ఎందుకు కుట్టావూ" అని సాగదీసి రికార్డు చేసి పంపింది. బయట ఉన్న పిల్లల అమ్మానాన్నలు ఎవరైనా అడిగితే వాళ్లకి స్క్రాచే చెప్తున్నా.

వచ్చే ఆదివారం ఆ చీమ పిల్లా, ముప్పై ఒక్క గడుల కుర్రాడూ కలిసి కూర్చుంటామన్నారు. ఆమె బొమ్మలు, అతని దారులు. ఏ పనిముట్టులో చేస్తారో ఇంకా తేలలేదు. పోయినవారం దాని గురించే గొడవపడుతుంటే లైబ్రరీ తాళం వేసే టైమైపోయింది.