ఆర్గన్ పక్కన ఏ ట్రంపెట్ మేలు: నేచురలా, పికొలోనా?

ఇంగ్లండ్ చర్చిల్లో పెళ్లికో, పండగ ఆరాధనకో గొట్టాల ఆర్గన్ పక్కన ట్రంపెట్ కూడా పెట్టించారంటే 'ప్రిన్స్ ఆఫ్ డెన్మార్క్స్ మార్చ్' అడిగేవాళ్లే ఎక్కువ. రాసింది జెరెమయా క్లార్క్. చాలాకాలం దాన్ని ఇంకో ఇంగ్లిష్ స్వరకర్త పర్సెల్ ఖాతాలో వేశారు, పాపం. పాట సంగతి సరే, ఏ ట్రంపెట్ మీద వాయించాలి?

నేచురల్ ట్రంపెట్‌కు వాల్వులు, అంటే స్వరం మార్చడానికి వేళ్లతో నొక్కే మీటలు ఉండవు. డి శ్రుతిదైతే సుమారు ఏడడుగుల గొట్టం, మడతలు వేసి ఉంటుంది. స్వరాలన్నీ ఊపిరితో, పెదవులతో రాబట్టాల్సిందే. కింద అవి ఎడమెడంగా ఉంటాయి, ఎనిమిదో హార్మోనిక్ (ఒకే గొట్టంలో కింది నుంచి పైకి పలికే స్వరాల్లో ఎనిమిదోది) నుంచే వరసగా దొరుకుతాయి. బరోక్ కాలపు (సుమారు 1600–1750) ట్రంపెట్ పాటలు అంత పైస్థాయిలో తిరిగేది అందుకే. పేచీ పెట్టేది పదకొండోది. మన లెక్కలో చెప్పాలంటే శుద్ధ మధ్యమానికీ ప్రతి మధ్యమానికీ దాదాపు నడిమధ్యన పడుతుంది. చేయి తిరిగినవాళ్లు పెదవితోనే దాన్ని కిందికో పైకో వంచుతారు. కొంచెం అటూ ఇటూ అయినా, ఆర్గన్ తన మధ్యమం దగ్గరే కదలకుండా ఉంటుంది కాబట్టి దొరికిపోతారు. ఈరోజుల్లో చాలామంది గొట్టానికి మూడో నాలుగో చిన్న రంధ్రాలున్న రకం వాడతారు. ఆ రంధ్రాలు బరోక్ స్వరకర్త బాఖ్ కాలంలో లేవు, ఇరవయ్యో శతాబ్దపు ఏర్పాటు.

పికొలో అంటే వాల్వులున్న చిన్న ట్రంపెట్. దాని గొట్టం మామూలు బి ఫ్లాట్ ట్రంపెట్‌లో సగమే, సుమారు 74 సెంటీమీటర్లు. సాధారణంగా నాలుగు వాల్వులు. పైస్థాయిలో కూడా పక్క హార్మోనిక్ కాస్త దూరంగా ఉంటుంది కాబట్టి గురి తప్పడం తక్కువ. ఫ్రాన్స్‌కు చెందిన మారిస్ ఆంద్రే దీనికి పెద్ద పేరు తెచ్చాడు. నా చెవికి మాత్రం ఆ నాదం కొంచెం సూదిమొనలా ఉంటుంది.

ఒక క్రిస్మస్ రాత్రి ఆరాధనలో ఆర్గన్ వాయించేవారికి పేజీలు తిప్పడానికి మేడ మీద కూర్చున్నాను. ప్రసంగం ఎంతకీ తెమలలేదు. ట్రంపెట్ ఆయన మౌత్‌పీస్ పిడికిట్లో పెట్టుకుని, వాయిద్యాన్ని కోటులో దాచుకుని, రెండూ చల్లబడకుండా చూసుకుంటూ కూర్చున్నాడు. ఆమెన్ అనగానే మొదటి స్వరమే పైన పట్టుకోవాలి. ఆ టెన్షన్ దగ్గర్నుంచి చూశాక, అంతసేపు ఊరికే కూర్చుని నేచురల్ ట్రంపెట్ ఎత్తమని ఎవరికీ చెప్పబుద్ధి కాదు.

ఇంకో చిక్కు శ్రుతి. బరోక్ సంగీతం వాయించే బృందాలు 'ఎ' స్వరాన్ని ఎక్కువగా 415 హెర్ట్జ్‌కు కడతాయి, మామూలు చర్చి ఆర్గన్ 440 దగ్గర ఉంటుంది. అంటే అర స్వరం తేడా. మన చర్చిల్లో కీబోర్డుకు ఉన్నట్టు గొట్టాల ఆర్గన్‌కు ట్రాన్స్‌పోజ్ బటన్ ఉండదు. నేచురల్ ట్రంపెట్‌కు 440కి సరిపడే గొట్టం ముక్క మార్చుకోవాలి, అదీ ముందే అడిగి తెచ్చుకోవాలి. చలికాలంలో ఆర్గన్ శ్రుతి ఇంకా దిగుతుంది. ఊపిరి వేడికి ట్రంపెట్ శ్రుతేమో ఎక్కుతుంది, గొట్టం పొడవు పెంచే జారుడు ముక్కను బయటికి లాగక తప్పదు. ఈ బాధ రెండిటికీ ఉంది.

కాబట్టి పెద్ద ఆర్గన్, ఒక్క రిహార్సల్, మధ్యలో ప్రసంగం ఉంటే పికొలోకే నా ఓటు. అయితే 1638లో ఇటలీ ట్రంపెట్ వాద్యకారుడు ఫాంతీనీ తన ట్రంపెట్ పుస్తకంలో అచ్చేసిన సొనాటాలు ఉన్నాయి. ఆర్గన్ తోడుగా ఉండాలనే రాసినవి. అవి వాయించేటట్టయితే నేచురలే తెచ్చుకోండి. ఆర్గన్ మీద ఒకటి రెండు మెత్తని స్టాపులు (ఒక్కో రకం నాదమిచ్చే గొట్టాల వరసలు) చాలు, దాని సొంత ట్రంపెట్ స్టాపు జోలికి మాత్రం పోవద్దు.