పెరట్లో దెబ్బతిన్న పిట్టో ఉడుతో కనిపిస్తే: వదిలేయడమా, సాకడమా, అప్పగించడమా?

పోయిన ఎండాకాలం ఒక పొద్దున కరివేపాకు కోసుకుందామని పెరట్లోకి వెళ్తే, చెట్టు మొదట్లో పిగిలిపిట్ట పిల్ల ఒకటి బిక్కుబిక్కుమంటూ కూర్చుని ఉంది. తోక ఇంకా పొట్టిగానే ఉంది, నన్ను చూసి రెండు గెంతులు గెంతి ఆగిపోయింది. నేను వంగేలోపే గోడ అవతలి నుంచి పక్కింటి పిన్నిగారు, "ముట్టుకోకమ్మా, మనిషి చెయ్యి తగిలితే తల్లి ఇక దగ్గరకు రానివ్వదు" అన్నారు.

పిన్నిగారి మాటలో సగమే నిజం. ముట్టుకోనక్కర్లేదు, అంతవరకు కరెక్టే. తల్లి వెలేస్తుందన్నది మాత్రం ఉత్త మాట. పిట్టలు పిల్లల్ని పోల్చుకునేది మన చేతి వాసనను బట్టి కాదు. అసలు సంగతేమిటంటే, ఆ పిల్లకు దెబ్బే తగల్లేదు. పిగిలిపిట్ట పిల్లలు గుడ్డు పగిలిన రెండు వారాల్లోపే, ఎగరడం సరిగ్గా రాకుండానే గూడు దిగేస్తాయి. తర్వాత కొన్నాళ్లు తల్లీతండ్రీ నేల మీదికే వచ్చి మేత పెడతాయి. అందుకే దెబ్బతిన్నదని మనం ఇంట్లోకి తెచ్చేవాటిలో చాలావాటికి ఏ జబ్బూ ఉండదు.

కాబట్టి మొదట తేల్చుకోవలసింది తియ్యాలా, వదలాలా అన్నదే. ఒంటి నిండా ఈకలు వచ్చి గెంతుతుంటే వదిలేయడమే మేలు. పిల్లి తిరిగే చోటైతే ఎత్తి దగ్గరి కొమ్మ మీద పెట్టి పక్కకు రండి. ఈకలు రాని ఎర్రటి పసికూనైతే తిరిగి గూట్లో పెట్టాలి. గూడు చెదిరిపోతే, అడుగున చిల్లులు పెట్టిన చిన్న డబ్బాలో కొబ్బరిపీచు పరిచి అదే కొమ్మకు కట్టినా తల్లి వస్తుంది. కానీ పక్కనే నిలబడి చూస్తే రాదు. కిటికీలోంచి చూడండి.

ఉడుత పిల్లల దగ్గర లెక్క కొంచెం మారుతుంది. ఇది నేను తప్పు చేసి నేర్చుకున్నది. చాలా ఏళ్ల కిందట సున్నాలు వేయిస్తూ అటక దులిపితే, దూదీ పీచూ కలిపి కట్టిన ఉడుత గూడు కింద పడింది. కళ్లు తెరవని పిల్ల ఒకటి మిగిలింది. ఇంక్ ఫిల్లరుతో ఆవుపాలు పట్టాను. మొదటిరోజు తాగింది, ఇల్లంతా సంబరం. రెండోరోజు విరేచనాలు. మూడోరోజు పొద్దున చూస్తే చల్లబడిపోయి ఉంది. ఆవుపాలు వాటికి అరగవని, ఒళ్లు చల్లబడిన పిల్లకు వెచ్చదనం ఇవ్వకుండా ఏం పట్టినా కడుపులో ఇమడదని తర్వాత తెలిసింది. అంతకన్నా బాధపెట్టిన విషయం ఇంకోటి ఉంది. తల్లి ఉడుత పగలంతా ఆ చుట్టుపక్కలే తిరుగుతుంది. గోరువెచ్చని నీళ్ల సీసాను గుడ్డలో చుట్టి పక్కన పెట్టి, పిల్లను మూతలేని డబ్బాలో గూడున్న చోటికి దగ్గరగా ఉంచితే, నోట కరుచుకుని తీసుకుపోయేది. నేను దానికి ఆ అవకాశమే ఇవ్వలేదు. చీకటి పడితే మాత్రం ఎదురుచూసి లాభం లేదు, ఉడుత రాత్రి బయటకు రాదు. అప్పుడు ఇంట్లో వెచ్చగా ఉంచి తెల్లారగానే బయట పెట్టడం మంచిది.

ఇక నిజంగానే దెబ్బ తగిలితే? రక్తం కారుతున్నా, రెక్క వేలాడుతున్నా, చీమలు పట్టినా వదిలేయడం దయ కాదు. పిల్లి నోట్లోంచి విడిపించినదైతే, గాయం కనిపించకపోయినా దెబ్బ తగిలినట్టే లెక్క. పిల్లి కోర దిగిన చోట సూదిమొన అంత గాటే ఉంటుంది, కానీ దాని నోట్లోని బ్యాక్టీరియా చిన్న పిట్టను రెండు మూడు రోజుల్లో చంపేయగలదు. దానికి యాంటీబయాటిక్ కావాలి, పసుపు అద్దితే సరిపోదు.

ఇంట్లో సాకడం చూడ్డానికి అన్నిటికన్నా దయగా కనిపిస్తుంది. నా దృష్టిలో అన్నిటికన్నా ప్రమాదం అదే. పిట్ట నోరు తెరిచి నీళ్లు పోస్తాం. దాని గాలిగొట్టం తెరుచుకునేది నాలుక మొదట్లోనే, అందుకే ఆ నీళ్లు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఒకవేళ బతికినా మనిషికి మచ్చికైపోతుంది, తర్వాత వదిలినా బయట బతకలేదు. చట్టం కూడా ఒప్పుకోదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి జంతువు ప్రభుత్వ ఆస్తి. చేతికి చిక్కితే 48 గంటల్లోగా పోలీసు స్టేషనుకో, అటవీ అధికారికో తెలియజేయాలి. రామచిలుకను పంజరంలో పెంచడమూ నేరమే, అది మనకు ఎంత అలవాటైనా సరే.

ఇంటి వైద్యం గెలిచే సందర్భం ఒక్కటుంది. కిటికీ అద్దానికి కొట్టుకుని సొమ్మసిల్లిన పిట్టను గాలి ఆడే చిల్లులున్న అట్టపెట్టెలో, చీకట్లో, చప్పుడు లేని చోట గంటా రెండు గంటలు ఉంచండి. తర్వాత పెట్టెను బయటికి తీసుకెళ్లి మూత తెరిస్తే చాలాసార్లు రివ్వున ఎగిరిపోతుంది. గదిలో మాత్రం తెరవకండి, ఫ్యాను ఉంటుంది.

పశువుల డాక్టరా, అటవీ శాఖా? రక్తం కారుతున్నా, ఎముక విరిగినా ఏది ముందు అందితే అది. పక్షి ఎముక తొందరగా అతుక్కుంటుంది, వంకరగా అతుక్కుంటే ఇక ఎగరలేదు. కాకపోతే గేదెలకు, కుక్కలకు వైద్యం చేసే డాక్టర్లందరికీ పక్షుల అనుభవం ఉండదు. ఒకసారి నేను గువ్వను తీసుకెళ్తే ఒక క్లినిక్‌లో చూడనే లేదు. అందుకే బయల్దేరే ముందు ఫోన్ చేసి అడగండి. తగ్గడానికి వారాలు పట్టే కేసైతే అటవీ శాఖే మేలు. వాళ్లు జూకో, రెస్క్యూ కేంద్రానికో పంపుతారు, మన దగ్గరే ఉంచుకున్నామన్న టెన్షనూ ఉండదు.

సంక్రాంతి రోజుల్లో మాంజా చుట్టుకున్న పక్షులు దొరుకుతాయి. చైనా మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించినా చెట్ల మీద అది వేలాడుతూనే ఉంది. దారాన్ని లాగకండి. కొమ్మ వైపు కత్తిరించి, కండలోకి దిగిన ముక్కను అలాగే ఉంచి డాక్టరుకు చూపించండి.

పాము విషయంలో ఏది మేలన్న ప్రశ్నే లేదు. మొక్కల మీద కప్పిన వలలో చిక్కుకున్నది విషం లేని జెర్రిపోతే అనిపించినా ఆ వలను మీరు కోయకండి, పామును గుర్తుపట్టడంలో మనందరం పొరబడతాం. హైదరాబాదులో అయితే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్లున్నారు, మిగతా చోట్ల అటవీ శాఖ. కోతి, ముంగిస, గబ్బిలాలను కూడా ఒట్టి చేతుల్తో పట్టుకోవద్దు. కరిచినా, గీరినా 15 నిమిషాలు సబ్బునీళ్లతో కడిగి అదేరోజు ఆసుపత్రికి వెళ్లాలి. రేబిస్ వచ్చాక మందు లేదు.

అప్పగించేటప్పుడు పెట్టె మీద పెన్నుతో మూడు సంగతులు రాయండి: దొరికిన చోటు, దొరికిన టైము, ఏమైనా తినిపించారా లేదా. తగ్గాక దాన్ని వదలాల్సింది మళ్లీ మీ కరివేపాకు చెట్టు దగ్గరే కదా.