మామూలు స్కేలింగా, డీప్ క్లీనింగా?

రెండూ పళ్లకు పట్టిన గారను తీసే పద్ధతులే: మామూలు స్కేలింగ్ పైపైన, డీప్ క్లీనింగ్ చిగురు కింద. చిగురుకీ పంటికీ మధ్య సందు లోతును ప్రోబ్‌తో (కొలత గీతలున్న సన్నని పుల్లలాంటి పనిముట్టు) కొలవకుండా ఈ రెంటిలో ఏదీ ఒప్పుకోకండి. 3 మిల్లీమీటర్ల లోపే ఉండి, బ్రష్ చేసినప్పుడు రక్తం వస్తుంటే మామూలు స్కేలింగ్ చాలు. ఒక్క సిట్టింగ్, సాధారణంగా మత్తు అక్కర్లేదు.

సందు 4 మిల్లీమీటర్లు, ఆపైన ఉండి, ఎక్స్‌రేలో ఎముక తగ్గినట్టు కనిపిస్తే డీప్ క్లీనింగే. మత్తిచ్చి, క్యూరెట్ అనే సన్నని గీకే పనిముట్టును చిగురు కిందికి దించి, వేరుకు అంటుకున్న నల్లటి గారను అడుగు నుంచి పైకి గీకి తీస్తారు. ఈ దశలో పైపైన స్కేలింగ్‌తో సరిపెట్టుకుంటేనే ప్రమాదం: చిగురు అంచు బిగుసుకుంటుంది, లోపల గార మిగిలి చీముగడ్డ కట్టొచ్చు.

డీప్ క్లీనింగ్ అయ్యాక పళ్లు పొడుగ్గా కనిపిస్తాయి, చల్లనీళ్లకు జివ్వుమంటాయి. అరిగిపోయాయని హడలిపోకండి, చిగురు వాపు తీసిందంతే. 6 నుంచి 12 వారాల్లో మళ్లీ కొలిపించుకోండి. షుగర్ అదుపులో లేకపోయినా, సిగరెట్ మానకపోయినా సందు సరిగా పూడదు.