కృష్ణ ఒడ్డున మాజీ సైనికుల జెండాలు: రెండుసార్లు చూశాక

సాయుధ దళాల పతాక దినోత్సవమైన డిసెంబరు 7ను పురస్కరించుకుని, విజయవాడలో కృష్ణ ఒడ్డున ఉన్న ఒక పార్కులో, నగరంలో స్థిరపడిన మాజీ సైనికుల గౌరవార్థం వంద జాతీయ జెండాలను వరుసలుగా నిలిపారు. ఆదివారం సాయంత్రం ఇంటిల్లిపాదీ వెళ్లాము, మంగళవారం పొద్దున నేనొక్కడినే మళ్లీ వెళ్లాను. ప్రవేశం ఉచితం. బండ్లు పెట్టుకోవడానికి చోటు తక్కువ.

అన్నిటికన్నా నాకు నచ్చినది పేర్లు రాయించిన పద్ధతి. జెండా మీద ఎలాంటి అక్షరాలూ ఉండకూడదని 2002 నాటి భారత పతాక నియమావళి చెబుతున్నా, మన ఊళ్లలో దాన్ని పట్టించుకునేవారు అరుదు. ఇక్కడ మాత్రం ప్రతి కర్ర మొదట్లో మోకాలి ఎత్తున చిన్న రేకు పలక బిగించి, దాని మీద సైనికుడి పేరు, హోదా, సర్వీసులో ఉన్న సంవత్సరాలు తెలుగులో రాయించారు. దాన్ని చదవాలంటే ఎవరైనా వంగవలసిందే. ఆలోచన బాగుంది కానీ, ఆ పలకల మీద పేర్లున్న పెద్దల్లో సగం మందికి మోకాళ్ల నొప్పులని నిర్వాహకులకు తట్టినట్టు లేదు; ఒక సుబేదారు గారికి ఆయన పేరును ఆయన మనవరాలే చదివి వినిపించింది.

జెండాలు పాలిస్టరువి. 2021 డిసెంబరు సవరణతో పాలిస్టరుకూ అనుమతి వచ్చింది కనుక తప్పు పట్టలేము. పైగా ఆ నది గాలికి తేలికగా ఎగిరేది, మంచుకు తడిసినా త్వరగా ఆరేది అదే. లోపం కుట్టులో ఉంది. అంచుకు ఒంటి కుట్టే వేయడం వల్ల, రెండో వరుసలో ఒక జెండాకు ఆకుపచ్చ పట్టీ చివర బెత్తెడు మేర పోగులు వేలాడుతున్నాయి. మంగళవారం నేను చూస్తుండగానే ఒక మాజీ హవల్దారు గారు దాన్ని దించారు. "ఇంకా బాగానే ఉంది కదా బాబాయి గారూ" అన్నాను. "చిరిగింది ఎగరకూడదు బాబూ" అని, కాషాయాన్నీ ఆకుపచ్చనూ తెలుపు కిందికి మడిచి, అశోకచక్రం పైకి కనిపించేలా మళ్లీ రెండు వైపులా మడిచి, రెండు అరచేతుల మీద పెట్టుకుని తీసుకువెళ్లారు. నా మటుకు నాకు వంద జెండాలకన్నా ఆ మడత చూడడానికే మళ్లీ వెళ్లవచ్చుననిపించింది.

మొదటి వరుసలో మాత్రం దాత అయిన ఒక దుకాణం ప్రకటన బోర్డులను జెండా కర్రలకే కట్టారు. జెండా ఎగిరే కర్రకు ప్రకటనలు తగిలించడాన్ని అదే నియమావళి నిషేధిస్తోంది. సలహాల పుస్తకంలో ఆదివారమే రాసి వచ్చాను. మంగళవారానికి రెండు తప్ప అన్నీ విప్పేశారు.

ముఖద్వారం దగ్గర పింగళి వెంకయ్య గారి చిత్రపటం పెట్టి, 1921లో ఆయన ఇదే బెజవాడలో గాంధీజీకి జెండా నమూనాను అందజేసిన సంగతి రాశారు. ఆయన యౌవనంలో దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధ కాలంలో బ్రిటిష్ సైన్యంలో పనిచేశారన్న మాట మాత్రం వదిలేశారు. మాజీ సైనికుల కోసం పెట్టిన ప్రదర్శనలో ముందు రాయవలసింది అదే కదా! 1963లో ఈ ఊళ్లోనే కన్నుమూసిన ఆయన పేరిట ఒక పలక ఉండి ఉంటే ఎంతో బాగుండేది.

హుండీలో ఎంతో కొంత వేస్తే చొక్కాకు పెట్టుకునే చిన్న జెండా ఇస్తున్నారు. ఎరుపు, ముదురు నీలం, లేత నీలం పట్టీలను చూసి మా అబ్బాయి అది ఏ దేశానిదని అడిగాడు. అవి త్రివిధ దళాలకు గుర్తులనీ, 1949 నుంచి ఏటా ఈ చందా మాజీ సైనికుల, అమరుల కుటుంబాల సంక్షేమానికి వెళుతోందనీ అక్కడ కూర్చున్న పెద్దాయన ఓపికగా చెప్పారు.

వెళ్లేవారు సాయంత్రపు పాటల హోరు తప్పించుకోవాలంటే పొద్దున ఏడింటికల్లా వెళ్లడం మేలు. పలకల మీద అక్షరాలు బాగా చిన్నవి. చదువుకునే కళ్లజోడు మరచిపోవద్దు.