ఐవీఎఫ్ ప్యాకేజీతో పాటు అంటగట్టే ‘లైఫ్‌స్టైల్ కిట్’ విషయంలో జాగ్రత్త

సంతాన సాఫల్య కేంద్రంలో ఐవీఎఫ్‌కు డబ్బు కట్టబోతున్న దంపతులు, ముఖ్యంగా ఖర్చుల అంచనా కాగితంలో ‘లైఫ్‌స్టైల్ కిట్’ అనే పద్దు కనిపించినవారు, చెల్లించే ముందు మా అనుభవం తెలుసుకోవాలని ఇది రాస్తున్నాను. ఆ కిట్‌కు మేము 38,500 రూపాయలు చెల్లించాము. అందులో రెండు పొడి డబ్బాలు, మా ఇద్దరికీ వేర్వేరు మాత్రల సీసాలు, ఆహార పట్టిక అచ్చువేసిన కాగితం ఒకటి ఉన్నాయి. అవకాడో, బ్లూబెర్రీలు తినాలని ఆ పట్టికలో ఉంది. అవి మా గుంటూరు జిల్లా పల్లెలో ఏ సంతలో దొరుకుతాయో మాత్రం లేదు.

నాకు 37 ఏళ్లు, నా భార్యకు 33. పదమూడేళ్లుగా నేను రోజుకు ఎనిమిది, పది సిగరెట్లు కాల్చేవాడిని. మొదటిరోజు వివరాలు నింపుతున్న కౌన్సెలర్ ‘అలవాట్లు’ అనే గడి దగ్గర ఆగి, నా చొక్కా జేబులోని పెట్టెను ఒకసారి చూసి, ‘అప్పుడప్పుడు అని రాసేస్తానండీ’ అన్నారు. నేనూ సరేనన్నాను, ఆ తప్పు నాది. అయితే మానేయమని ఆమె గానీ, ఆ తరువాత చూసిన డాక్టర్ గానీ ఒక్కసారి కూడా చెప్పలేదు. కిట్ ముప్పై రోజులు వాడితే వీర్యంలోని దోషాలన్నీ పోతాయని, నెలాఖరులోపు మొదలుపెడితే ప్యాకేజీలో పదిహేను వేలు తగ్గిస్తామని మాత్రం మూడుసార్లు ఫోన్ చేసి చెప్పారు.

ఈ ముప్పై రోజుల మాటే అసలు మోసం. వీర్యకణం తయారు కావడానికి రెండున్నర నెలలకు దగ్గరగా పడుతుంది. అండం పక్వానికి వచ్చే చివరి దశకు కూడా సుమారు మూడు నెలలు కావాలి. అంటే ఈరోజు సిగరెట్ మానేసినా, రాత్రిళ్లు సరిగ్గా నిద్రపోవడం మొదలుపెట్టినా, ఆ ఫలితం అండాలు తీసే రోజున కనిపించాలంటే కనీసం మూడు నెలలు ఆగాలి. ఆగమని చెబితే ఆ నెల ప్యాకేజీ అమ్ముడుపోదు కనుక, ఆ మాట మాకు ఎవరూ చెప్పలేదు. ఐదో వారంలోనే ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. పదకొండు అండాలు తీస్తే మూడు పిండాలు నిలిచాయి. వాటిలో రెండు గర్భాశయంలోకి బదిలీ చేశారు. గర్భం నిలిచిందో లేదో చెప్పే రక్తపరీక్ష, బీటా హెచ్‌సీజీ, నెగటివ్ వచ్చింది.

అన్నీ సరిగా ఉన్నా ఐవీఎఫ్ విఫలం కావచ్చు, వయసు ప్రభావం అన్నిటికన్నా పెద్దది. కాబట్టి మా చికిత్స ఆ డబ్బాల వల్లే విఫలమైందని నేను అనను. కానీ నా భార్య థైరాయిడ్ విషయంలో జరిగింది మాత్రం క్షమించలేను.

ఆమె చాలాకాలంగా థైరాయిడ్ మాత్ర వేసుకుంటోంది. కిట్ మొదలుపెట్టిన మూడో వారంలో అదే కేంద్రంలో చేసిన పరీక్షలో టీఎస్‌హెచ్ 0.3 అని వచ్చింది. థైరాయిడ్ హార్మోన్ ఎక్కువైతే తగ్గేది, చాలకపోతే పెరిగేది ఈ టీఎస్‌హెచ్. మోతాదు ఎక్కువైందని మాత్రను 50 నుంచి 25 మైక్రోగ్రాములకు తగ్గించారు. చికిత్స విఫలమయ్యాక మేము వెళ్లిన మరో డాక్టర్ వాడుతున్నవన్నీ తెమ్మని అడిగి, డబ్బాను వెనక్కి తిప్పి, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, లేబుల్‌ను ముఖానికి దగ్గరగా పట్టుకుని చదివారు. బయోటిన్ అనే విటమిన్ పదివేల మైక్రోగ్రాములు. మనిషికి రోజుకు కావలసినది పదుల మైక్రోగ్రాముల్లోనే. ఇంత బయోటిన్ రక్తంలో ఉంటే కొన్ని రకాల హార్మోన్ పరీక్షల్లో టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువగా కనిపించవచ్చు. బయోటిన్ వల్ల పరీక్షల ఫలితాలు తారుమారు అవుతాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది. వారం రోజులు పొడి ఆపి మళ్లీ పరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ 5.9 వచ్చింది, అంటే ఉండాల్సినదానికన్నా ఎక్కువ. అదే లేబుల్ అడుగున, ఆవగింజంత అక్షరాల్లో, ఇది ఔషధంగా వాడటానికి కాదని ముద్రించి ఉంది.

ఆ డాక్టర్ మొదటి పావుగంట అంతా ప్రశ్నలే అడిగారు. సిగరెట్, ఖైనీ, మద్యం, రాత్రి షిఫ్టులు, బరువు, జిమ్‌లో ఎవరైనా ఇంజెక్షన్లు ఇచ్చారా అని వరుసగా అడిగారు. కండల కోసం తీసుకునే టెస్టోస్టిరాన్ అనే పురుష హార్మోన్ వీర్యకణాల ఉత్పత్తిని దాదాపు ఆపేయగలదట. మగతనం పెంచే మందు సంతానానికే అడ్డుపడుతుందని నాకు అప్పటిదాకా తెలియదు. భార్యాభర్తల్లో ఎవరు పొగతాగినా ఐవీఎఫ్ విజయావకాశాలు తగ్గవచ్చని బ్రిటన్‌లో వైద్యులకు సూచనలు రూపొందించే నైస్ సంస్థ మార్గదర్శకాల్లోనూ ఉంది. మగవారికి జింక్, ఫోలిక్ ఆమ్లం మాత్రలు ఇచ్చి రెండువేలకు పైగా జంటలను పరిశీలించిన అమెరికా అధ్యయనం 2020లో వెలువడింది. వాటివల్ల కాన్పులు పెరగలేదని తేలింది. నా సీసాలో ఉన్నవి సరిగ్గా ఆ రెండే. స్త్రీలకు ఫోలిక్ ఆమ్లం అవసరమే, కానీ అది బిడ్డ వెన్నుపాము లోపాలను నివారించడానికి. ఆ మాత్ర ఏ మందుల షాపులోనైనా చాలా తక్కువ ధరకే దొరుకుతుంది.

సంతాన సాఫల్య కేంద్రాలను నియంత్రించడానికి 2021లో వచ్చిన ఏఆర్‌టీ చట్టం ప్రకారం ప్రతి కేంద్రంలోనూ ఫిర్యాదుల విభాగం ఉండాలి. అక్కడ రాతపూర్వకంగా అర్జీ ఇస్తే, సీలు తెరిచిన వస్తువు వెనక్కి తీసుకోబోమని ఒక్క వాక్యంలో జవాబు వచ్చింది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేశాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి రెండేళ్ల గడువు ఉంది. అయితే మా చిక్కు వేరు. అంచనా కాగితంలో ‘లైఫ్‌స్టైల్ కిట్’ అని ఉన్న పద్దును తుది బిల్లులో ‘కన్స్యూమబుల్స్’ (వాడి పారేసే సామగ్రి) అని మార్చేశారు, వారు బిల్లు ఇచ్చిన రోజే అంచనా కాగితాన్ని మేము తిరిగి ఇచ్చేశాము. కాబట్టి ఎవరైనా కొనక తప్పని పరిస్థితి వస్తే, కిట్‌కు విడిగా బిల్లు అడగండి, డబ్బా వెనుక లేబుల్‌ను ఫొటో తీసి ఉంచుకోండి, రక్తపరీక్షకు ముందు ఆ లేబుల్‌ను ల్యాబ్‌వారికి చూపించండి.